మగ్గం చప్పుడులో వినపడని సుయ్యి

నా ఆంప్ సుయ్యిమంటోందట. ఆ మాట అన్నది అనంతపురం ఆర్కెస్ట్రా వీరప్ప, అదీ నలుగురి ముందు. నేను ధర్మవరం మగ్గాల సందులో పుట్టి, అదే ఊళ్లో నాలుగు సందుల అవతలికి కోడలిగా వచ్చినదాన్ని. ఎవరైనా ఒక మాటంటే రెండు తిరిగివ్వకుండా ఊరుకున్న రోజు లేదు. ఆ రోజు కూడా ఊరుకోలేదు.

"అన్నా, సుయ్యిమనేది మీ గదిలో ఏసీ. నా ఆంప్ కాదు," అన్నాను.

వీరప్ప లేచి ఏసీ ఆపేశాడు. ఫ్యాన్ ఆపేశాడు. తలుపు కూడా వేసి వచ్చి కూర్చున్నాడు. నా అరచెయ్యి గిటార్ తీగల మీద ఆనించి ఉంది, ఒక్క తీగ కదలడం లేదు. అయినా నా ముందున్న ఆంప్‌లోంచి సుయ్యిమని ఒకటే శబ్దం. దాని అడుగున గుయ్యిమని ఇంకొకటి.

"ఇదేమన్నా గిటారామ్మా, పొయ్యి మీద పెట్టిన పాలగిన్నెనా?" అన్నాడు. కీబోర్డు దగ్గర కూర్చున్న దేవేంద్ర ఇకిలించాడు.

నా మొహం మాడిపోయింది. గిటార్ శబ్దాన్ని పెంచే, టిఫిన్ డబ్బా అంత ఉండే ఆ బుల్లి ఆంప్ మీద నాలుగేళ్లుగా వాయిస్తున్నాను. ఇంతవరకు ఆ శబ్దం ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. ఎట్లా పడలేదో ఎంత ఆలోచించినా తట్టలేదు.

వీరప్ప ఆర్కెస్ట్రాలో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాం మొదలయ్యే ముందు అందరూ వాయిద్యాల మీద చేతులు ఆనించి, కళ్లు మూసుకుని, అర నిమిషం గురువును తలచుకుంటారు. డ్రమ్ములు ఉండవు, మైకులో మాట ఉండదు. ఆ నిశ్శబ్దంలోంచి గిటార్ ఒక్కటే ఎత్తుకోవాలి. ఆయన ప్రోగ్రాములకు పేరొచ్చింది దాంతోనే. పాత గిటారిస్టు బెంగళూరు వెళ్లిపోతే ఆ చోటు కోసం నేను వెళ్లాను. ఆయన ప్రోగ్రాములు సగం పల్లెల్లోనే, జనరేటర్ల మీద. గిటార్‌ను ఆ కరెంటుకు నేరుగా కలిపితే స్పీకర్ పెట్టెలన్నీ మోతెక్కిపోతాయి. అందుకని బ్యాటరీ ఆంప్ ఒకటి పెట్టుకుని, దాని ముందు మైకు పెడతారు. ఆంప్ చేసే ప్రతి చప్పుడూ ఆ మైకులోంచి పెద్ద పెట్టెల్లోకి పోతుంది.

"నీ వాయింపు నాకు నచ్చిందమ్మా, అబద్ధం చెప్పను," అన్నాడు వీరప్ప. "కానీ ఆ అర నిమిషంలో ఈ సుయ్యి మండపమంతా ఇనపడితే నా పరువేమి గావాల? ఆదివారం బుక్కరాయసముద్రంలో శేషయ్య శెట్టి కూతురి పెండ్లి. ఆడికి రా. ఆంప్ చప్పుడు చెయ్యకుంటే ఈ చోటు నీది. ల్యాకుంటే గిటారు సౌండు కూడా దేవేంద్రనే కీబోర్డులో వాయిస్తాడు."

కీబోర్డులో గిటారట! నాకు ఒళ్లు మండిపోయింది.

"వస్తా అన్నా. ఆదివారం నా ఆంప్ నోరెత్తితే అప్పుడడుగు," అనేసి వచ్చాను. అది బుధవారం.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. మాకు రెండు మగ్గాలు. ఒకటి నా మొగుడు కేశవది, ఒకటి నాది. కేశవ మగ్గం పొద్దున ఆరుకు మొదలైతే సాయంత్రం దాకా ఆడుతుంది. నాది మధ్యాహ్నం వరకే, ఆ తర్వాత గిటార్. ఈ ఏర్పాటంటే మా అత్త బయమ్మకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. సారెతో పాటు గిటార్ మోసుకొచ్చిన కోడలు ఈ సందులో ఇదొక్కతేనని ఎనిమిదేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్తూనే ఉంది. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో అనుపమ అనే సీనియర్ నేర్పిన విద్య అది. డిగ్రీలో చదివింది మరిచిపోయాను గానీ గిటార్ మరవలేదు.

మా అత్తది అచ్చు అతికే పని. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాత పోగుల కొసలకు అతకాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు, ఒక్కొక్కటి తలవెంట్రుక కంటే సన్నం. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలి పెడుతుంది. ముడి ఉండదు. బూడిద ఉంటేనే పట్టు జారదు. నలభై ఏళ్లలో బయమ్మ అతికిన పోగు ఊడిందని ధర్మవరంలో ఎవరూ అనలేదు. ఆమెకు పనితనమెంతో కోపమూ అంతే. మా ఇద్దరికీ పడకపోవడానికి ఇద్దరిదీ ఒకటే తల కావడమే కారణమని కేశవ అంటాడు, మేం వినకుండా చూసుకుని.

"ఏమన్నాడు మీ వీరప్ప?" అంది అత్త, నేను గడప తొక్కగానే.

"ఆదివారం రమ్మన్నాడు. ఆంప్ చప్పుడు చేస్తాందంట."

"చెయ్యదా మరి! అయితే ఒక మాట చెప్తా ఇను. ఆదివారం ఆయప్ప నిన్ను తీసుకుంటే నేను ఇంక నోరెత్తను. ల్యాకుంటే ఆ గిటారు అటకెక్కల్ల. సోమవారం నుంచి నీ మగ్గం కూడా సాయంత్రం దాకా ఆడల్ల. సరేనా?"

"సరే!" అన్నాను. ఆలోచించి మాట్లాడే గుణం ఉంటే నేను నేనెందుకవుతాను?

"అమ్మా, ఊరికే ఉండరాదా," అన్నాడు కేశవ మగ్గంలోంచి.

"నువ్వు ఊరికే ఉండు," అన్నాం ఇద్దరమూ ఒకేసారి.

మాట ఇచ్చేశాక భయం వేసింది. బాగానే వేసింది. మగ్గమంటే నాకు చులకన లేదు, నా చేతి అంచుకు షావుకార్లే వంక పెట్టరు. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు గిటార్ ఒళ్లోకి తీసుకుంటేనే నాకు ఆ పూట నాదనిపిస్తుంది. అది అటకెక్కితే నా బతుకులో నాదనే పూటే ఉండదు. అదీ నా భయం.

మర్నాడు ఆంప్ పట్టుకుని ఓబిలేష్ దగ్గరికి పోయాను. స్టేషన్ రోడ్డులో అతనికి మైకుసెట్లు బాగుచేసే అంగడి ఉంది. ఆంప్ ఆన్ చేసి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"ఎప్పుడూ చార్జరు పెట్టుకోనే వాయిస్తావా?"

"ఔ. మధ్యలో బ్యాటరీ అయిపోతే?"

"ఆరు గంటలొస్తాదమ్మా! దీనికి బ్యాటరీ పెట్టిందే వైరు ల్యాకుండా యాడికన్నా పోయి వాయించుకునేదానికి. నువ్వు దీన్ని తీసుకోని గోడకు కట్టేసినావు." చార్జర్ పీకేశాడు. గుయ్యి టక్కున పోయింది. "అది కరెంటు చప్పుడు. పాయ. ఇంక మిగిలింది సుయ్యి. అది ఆంప్‌దే. దాన్ని నేను తియ్యలేను."

"తియ్యలేకుంటే ఎట్లన్నా? నా గిటారు అటకెక్కుతాది!"

"ఇట్ల చూడు. ఈ గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పినావు. గెయిన్ పెంచితే గిటారూ పెరుగుతాది, సుయ్యీ పెరుగుతాది. పాటేదో రొదేదో దానికేం తెలుసు? గెయిన్ తగ్గించు. ట్రెబుల్ కొంచెం తగ్గించు. వాల్యూం పెంచుకో. తీగను గట్టిగా కొట్టు. నీ దెబ్బ పెద్దదైతే సుయ్యి చిన్నదవుతాది. యాడ ఆపల్లో మాత్రం నేను చెప్పలేను, నీ చెవే చెప్పల్ల. నిశ్శబ్దంగా ఉండే చోట కూర్చోని తిప్పుకో పో."

నిశ్శబ్దంగా ఉండే చోటు, ధర్మవరంలో! ఇంటికొచ్చి ఆంప్ ముందు కూర్చున్నాను. కేశవ మగ్గం టకటకమంటోంది. పక్కింట్లో మూడు మగ్గాలు, ఎదురింట్లో రెండు, గోడ అవతల దారం చుట్టే మోటారు. చెవి ఆంప్‌కు ఆనించినా సుయ్యి వినపడలేదు. బుధవారం నుంచి బుర్ర తినేస్తున్న సంగతి అప్పుడు అర్థమైంది. నేను ఈ ఇంట్లో నిశ్శబ్దంలో వాయించిందే లేదు. అమావాస్యకు మగ్గాలకు సెలవైతే నా గిటార్‌కూ సెలవే. మగ్గం మోతను దాటి నాకు వినపడాలని గెయిన్ చివరిదాకా తిప్పి పెట్టుకున్నాను. అది చేసే రొదంతా మగ్గం మింగేసింది. వీరప్ప గదిలో మగ్గం లేదు.

"అత్తా, పది నిమిషాలు మగ్గం ఆపమంటావా నీ కొడుకుని?"

"పట్టపగలు మగ్గం ఆపేదేందే? సందులో వాళ్లు మనింట్లో ఎవురో పోయినారనుకోని పరిగెత్తుకోని వస్తారు."

అందులో ఎగతాళి ఏమీ లేదు. మా సందులో పగలు మగ్గం ఆగిందంటే అర్థం అదే.

శుక్రవారం తెల్లవారగానే కేశవ మోపెడ్ బయటికి తీశాడు. "పద, మగ్గాలు ల్యాని చోటికి తీసకపోతా," అన్నాడు. మొగుడు మంచివాడని నాకు అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది. ఆ రోజు గట్టిగా గుర్తొచ్చింది.

బత్తలపల్లి రోడ్డు మీద కొంత దూరం పోయి బండిదారిలోకి దిగాం. వానలు మొహం చాటేసి, విత్తనం పడని సెనక్కాయ చేను ఒకటి కనపడింది. కనుచూపు మేర ఎర్రమట్టి, రాతి గుండ్లు, ఒక ఎండిన బోరు పైపు. గాలి లేదు. పిట్ట కూడా లేదు. ఒక గుండు మీద కూర్చుని ఆంప్ పక్కన పెట్టుకున్నాను. మొదట నాకు మగ్గం చప్పుడే వినపడింది. నిజం, అది నా చెవుల్లో ఉండిపోయింది. కాసేపటికి అది కూడా సద్దుమణిగింది. ఇంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు. కొంచెం భయం కూడా వేసింది.

ఆంప్ ఆన్ చేశాను. సుయ్యి! ఆ చేనంతా అదే ఉన్నట్టుంది. ఈ దరిద్రం పెట్టుకునా నేను వీరప్పతో గొడవపడింది అనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. గెయిన్ పది నుంచి ఎనిమిదికి తిప్పాను, ఆరుకు తిప్పాను. తిప్పేకొద్దీ సుయ్యి దూరం జరిగింది. మూడు దగ్గర పూర్తిగా పోలేదు గానీ, చెవి దగ్గర పెట్టి వెతుక్కుంటే తప్ప దొరకలేదు. సన్నగా, గొంతు తగ్గించి గుసగుసలాడుతున్నట్టు. దాన్ని అట్లాగే కూర్చుని చాలాసేపు విన్నాను. ఆ గొంతు ఇప్పటికీ నూరింటిలో గుర్తుపడతాను.

ఇంక వాయింపు మార్చుకోవాలి. గెయిన్ సాయం లేకపోతే నా వేళ్లే పని చేయాలి. నాలుగేళ్లుగా మెత్తగా మీటడం అలవాటైంది. ఇప్పుడు తీగను పట్టి లాగి కొట్టాను. మగ్గం తొక్కి, నాడె విసిరి బిగుసుకున్న చేతులివి, వాటికి బలం నేర్పేదేముంది? మూడో దెబ్బకే గిటార్ గంటలా పలికింది. దూరంగా మోపెడ్‌కు ఆనుకుని నిలబడ్డ కేశవ "అబ్బా!" అన్నాడు. గంటన్నర వాయించాను. ఆదివారం కోసం నేనే కట్టుకున్న ఎత్తుకోలును ఇరవై సార్లు వాయించాను. వీరప్పా, రా నువ్వు చూసుకుందాం అనుకున్నాను.

అంత పొగరుతో తిరిగొస్తుంటే రైల్వే గేటు దగ్గర గుంతలో మోపెడ్ ఎగిరింది. నా ఒళ్లోని ఆంప్ ఎగిరి రోడ్డు మీద పడింది.

ఇంటికొచ్చి చూస్తే ఆంప్ మీది దీపం వెలుగుతోంది, చప్పుడు మాత్రం రావడం లేదు. వెనక మూత విప్పాను. గిటార్ వైరు దూర్చే రంధ్రం దగ్గర ఒక సన్నని నల్లవైరు మధ్యకు తెగి వేలాడుతోంది. ఓబిలేష్ అంగడికి పరిగెత్తాను. తాళం. నల్లమాడలో జాతరకు మైకుసెట్టు కట్టడానికి పోయాడు, సోమవారం గానీ రాడన్నారు. సెల్‌ఫోన్లు బాగుచేసే ఇద్దరిని అడిగాను. మేము ఫోన్లు తప్ప ముట్టమన్నారు. ఇంటికొచ్చి విప్పిన ఆంప్‌ను అరుగు మీద పెట్టి, మగ్గంలో కూర్చుని ఏడ్చాను. నేను ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు అంతవరకు. మా అత్త గడపలో నిలబడి కాసేపు చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఏమన్నా అని ఉంటే బాగుండేదనిపించింది.

శనివారం పొద్దున ఆశ చావక ఇంకొకసారి ఆన్ చేశాను. పలికింది! మూత కూడా బిగించి ఉంది.

"ఏమయ్యా, నువ్వేమన్నా చేసినావా?" అని కేశవను అడిగాను.

"నాకేం తెలుసు? నేను ముట్టలా," అన్నాడు.

మగ్గాల మోతలోనే నాలుగైదు సార్లు వాయించి చూసుకున్నాను. అన్నీ సరిగ్గానే వినపడ్డాయి. ఆంజనేయస్వామి దయ అనుకుని దండం పెట్టుకున్నాను. మగ్గాల మోతలో నా చెవిని నమ్మకూడదని రెండు రోజుల ముందే తెలుసుకున్న మనిషిని, మళ్లీ ఆ మోతలోనే సరి చూసుకున్నాను. నా అంత తెలివైనది ఇంకొకతి ఉండదు.

ఆదివారం బస్సెక్కుతుంటే అత్త కూడా చీర మార్చుకుని వచ్చింది. "పందెం కాసినదాన్ని, చూడొద్దా?" అంది.

బుక్కరాయసముద్రం మండపానికి చేరేసరికి ముహూర్తం అయిపోయి, భోజనాల పంక్తులు వేస్తున్నారు. పన్నెండు గంటలకు ప్రోగ్రాం. వేదిక పక్కన ఆర్కెస్ట్రా సర్దుకుంటోంది. వీరప్ప నన్ను చూసి, నా వెనక చేతిసంచితో నిలబడ్డ మా అత్తను చూసి, "రామ్మా, నీ డబ్బా పెట్టు," అన్నాడు. చార్జర్ లేకుండా ఆంప్ పెట్టాను. గెయిన్ మూడు. ఆన్ చేశాను. సుయ్యి లేదు. వీరప్ప కనుబొమ్మలు పైకి లేచాయి. దర్జాగా మొదటి తీగ కొట్టాను.

కర్ర్‌ర్‌మంది. ఇంకోసారి కొట్టాను. కర్ కర్ కర్. చెప్పుల కింద ఇసుక నలిగినట్టు మండపమంతా గరగర. భోజనాల దగ్గర జనం తలలు తిప్పి చూశారు.

"ఇరవై నిమిషాలుండాది," అన్నాడు వీరప్ప గడియారం చూసుకుంటూ. "దేవేంద్రా, ఎందుకైనా మంచిది, గిటారు సౌండు పెట్టుకో."

దేవేంద్ర దగ్గరే స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని మూత విప్పాను. తెగిన నల్లవైరు రెండు కొసలూ కలిపి ఒక మెలి ఉంది. ముడి లేకుండా నేర్పుగా పెట్టిన మెలి. ముట్టుకుంటే నా వేళ్లకు బూడిద అంటింది.

"ఏమ్మా, ఆంప్‌కు విభూతి పెట్టి పూజ చేసినారా?" అన్నాడు వీరప్ప. అందరూ నవ్వారు.

నేను వెనక్కి తిరిగాను. "అత్తా! నువ్వేనా?"

"ఆఁ, నేనే. అతికినా," అంది అత్త ఏమాత్రం తగ్గకుండా. "నాలుగు వేల పోగులు అతికేదానికి ఒక్క పోగు బరువా?"

"బూడిద పెట్టి అతికితే కరెంటెట్ల పోతాది? మధ్యన బూడిదే అడ్డముండాది గదా! నాకొక మాట చెప్పకూడదా?"

"బూడిద లేకుండా అతుకుతారని నాకెవురు చెప్పినారు? చెప్పల్ల గదా!"

గొడవకు టైము లేదు. బూడిద తుడిచి నేనే మెలి పెట్టాను. లోపలి తీగలు వెంట్రుకల్లా ఉన్నాయి, పెట్టిన మెలి పెట్టినట్టే విడిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ విడిపోయింది. నేను నేసేదాన్ని, అతికేదాన్ని కాదు. పది నిమిషాలు పోయాయి. కళ్లలో నీళ్లు తిరిగి వైరు రెండుగా కనపడింది. పక్కన దేవేంద్ర కీబోర్డులో గిటార్ సౌండు వాయించి చూసుకుంటున్నాడు. ఆ సౌండు వింటుంటే నా గిటార్ అప్పుడే అటకెక్కినట్టనిపించింది.

"జరుగు," అంది అత్త.

పంక్తుల దగ్గర తొట్టిలో చేతులు మోచేతుల దాకా కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చింది. వైరు కొసలు రెండూ కొంగుతో పట్టి లాగి రాగి మెరిసేదాకా తుడిచింది. "పోగుకు పోగు ముట్టల్ల. నడుమ ఏమీ ఉండకూడదు. అంతే గదా?" అంది. నేను తలూపాను. ఆమె వేళ్లు కదలడం చూశాను గానీ ఏం చేశాయో చూడలేకపోయాను. మెలి పడింది. మెలిని వెనక్కి మడిచి, పైట చెంగు కుచ్చులోంచి ఒక పట్టుదారం తెంపి, దాని మీద కదలకుండా బిగించి చుట్టింది. మొత్తం ఒక నిమిషం. లేచి నిలబడి, "ఊఁ, కొట్టు," అంది.

కొట్టాను. గంటలా పలికింది. గరగర లేదు.

వీరప్ప నవ్వలేదు ఈసారి. చెయ్యి పైకెత్తాడు. అందరూ వాయిద్యాల మీద చేతులు ఆనించి కళ్లు మూసుకున్నారు. మైకులో ఎవరో భోజనాల వాళ్లను కాసేపు మాట్లాడకుండా ఉండమన్నారు. మండపం సద్దుమణిగింది. గురువును తలచుకోవడం మొదలైంది.

సుయ్యి!

పెద్ద పెట్టెల్లోంచి స్పష్టంగా, మండపమంతా సుయ్యిమంది. వీరప్ప కళ్లు తెరిచి నా వైపు చూశాడు. ఒక్క క్షణం నాదేననుకున్నాను. రెండో క్షణంలో విన్నాను. ఇది నాది కాదు. నాది సన్నది, ఇది మొరటుది. నా సుయ్యిని చేలో గంటన్నర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదాన్ని, నాకు తెలియదా? నోరెత్తకూడని సమయం గనక నోరెత్తలేదు. వీరప్ప చూస్తుండగా ఆంప్ స్విచ్ మీద వేలు పెట్టి ఆఫ్ చేశాను. దీపం ఆరింది. సుయ్యి ఆగలేదు. రెండు చేతులూ చూపించాను.

వీరప్ప తల నా మీద నుంచి మెల్లగా కీబోర్డు వైపు తిరిగింది. గిటార్ సౌండు కోసం దేవేంద్ర తన కీబోర్డు శబ్దాన్ని నిండా పెంచుకుని అట్లాగే వదిలేశాడు. వీరప్ప సైగ చేస్తే దేవేంద్ర తల దించుకుని దాన్ని తగ్గించాడు. సుయ్యి పోయింది. అప్పుడు వచ్చింది అసలైన నిశ్శబ్దం, ఆ సెనక్కాయ చేలో విన్నటువంటిది. నేను ఆంప్ ఆన్ చేశాను. అది కిమ్మనలేదు.

వీరప్ప నాకు తలూపాడు. ఎత్తుకున్నాను.

మొదటి స్వరం పైకప్పు తాకి దిగొచ్చింది. అరిటాకుల ముందు కూర్చున్నవాళ్లు ముద్ద చేతిలో పట్టుకుని చూస్తున్నారు. ఎత్తుకోలు నాలుగో వరసలో డ్రమ్ములు వచ్చి కలిశాయి. ఆ తర్వాత రెండు గంటలూ నాకు ఆకలి కూడా తెలియలేదు. నా అంత సంతోషంగా ఆ పెళ్లిలో పెళ్లికూతురు కూడా ఉండి ఉండదు.

అయిపోయాక వీరప్ప వచ్చాడు. "వచ్చే ఆదివారం వజ్రకరూరులో ప్రోగ్రాం. పొద్దున ఏడుకు బండి. ఆలస్యం చేస్తే ఇడిసిపెట్టి పోతా," అన్నాడు. ఆయన అంతకంటే తియ్యగా మాట్లాడడని తర్వాత తెలిసింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. గిటార్‌ను కాళ్ల మధ్య నిలబెట్టుకున్నాను. ఆంప్ అత్త ఒళ్లో ఉంది. నేను ఇవ్వలేదు, ఆమే తీసుకుంది.

"అత్తా, ఒక మాట అడగల్ల."

"అడుగు. వద్దంటే ఊరకుంటావా?"

"నువ్వు అతక్కుంటే నేను ఓడిపోయేదాన్ని. గిటారు అటకెక్కేది, నా మగ్గం సాయంత్రం దాకా ఆడేది. నీకు కావాల్సింది అదే గదా. మరి రెండుసార్లు ఎందుకు అతికినావు?"

"తెగింది కండ్ల ముందర ఉంటే చేతులు ఊరకుంటాయా? చీర ఎవురిదని అడిగి అతుకుతారా యాడన్నా?" అంది విసుగ్గా. ఒళ్లోని ఆంప్ సర్దుకుంది. "నలభై ఏండ్లు అతికినానే. ఎన్ని లక్షల పోగులో నాకే తెలీదు. ఒక్కటన్నా ఎవురికన్నా కనపడిందా? కనపడకుండా అతికితేనే అది పని. కట్టుకున్నోళ్లకు తెలీదు, నేసినోళ్లకు గుర్తుండదు. ఈ పొద్దు అంతమంది ముద్ద తినేది మానేసి ఇన్నారు. నేను అతికింది ఇన్నారు."

ఎనిమిదేళ్లలో ఆమె అతికిన పడుగుల మీద ఎన్ని చీరలు నేశానో! ఒక్కసారి కూడా బాగా అతికినావత్తా అని నేను అనలేదు. అనాలని కూడా తట్టలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎండిన బెరడులా గరుకుగా ఉంది.

"సందులో అందరూ అడుగుతారు ఏమాయె అని. ఏం చెప్తావు?" అంది అత్త.

"వాయించినా, చోటు దొరికింది అని చెప్తా."

"అంతేనా?" చెయ్యి విదిలించుకుని నా వైపు గుర్రుగా చూసింది. "వాయించింది కోడలు, అతికింది అత్త అని చెప్పు. అడగనోళ్లకు గూడా చెప్పు."

అందుకే చెప్తున్నాను.